పాత కేస్ షీట్లు బయటివాళ్లకిచ్చి స్కాన్ చేయించాలనుకుంటే

నల్గొండలో గానీ, మిర్యాలగూడలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ ఇరవై ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఏ నర్సింగ్ హోంకి పోయినా మెట్ల కిందో, జనరేటర్ పక్కనో ఒక అర్ర ఉంటుంది, అందులో ఏడాదికి ఇన్ని మూటలని కేస్ షీట్లు కట్టి పడేసి ఉంటాయి. వానాకాలం చెమ్మ, మిగతా రోజుల్లో చెదలు, ఎలుకలు. ఈ మధ్య చాలామంది డాక్టర్లు "ఎవరికైనా ఇచ్చి స్కాన్ చేయించేద్దాం, అర్ర ఖాళీ అవుతుంది" అంటున్నారు. చేయించండి, మంచి పనే. కానీ అర్ర ఖాళీ కావడం కోసమే చేయిస్తే డబ్బులు దండగ. పదేళ్ల కింద ఆపరేషన్ చేయించుకున్న మనిషి కౌంటర్ దగ్గరికొచ్చి తన పేరు, ఊరు చెప్తే రెండు నిమిషాల్లో ఆ కాయితం తెర మీదికి రావాలి. స్కాన్ చేయించేది దీనికోసం. స్కాన్ చేసిచ్చే వెండర్‌తో మాట్లాడే ప్రతి మాటా, అగ్రిమెంట్‌లో రాసుకునే ప్రతి లైనూ దీన్ని బట్టే ఉండాలి.

మన స్టాఫ్‌తోనే చేయించుకోవచ్చు కదా అని అడుగుతారు. రోజువారీ డిశ్చార్జ్ అయ్యే కేసులకైతే అదే సరైన పద్ధతి, ఏ రోజు కాయితం ఆ రోజు స్కాన్ అయిపోవాలి. ఏళ్ల తరబడి పేరుకుపోయిన బకాయి మాత్రం రిసెప్షన్ అమ్మాయికి ఖాళీ దొరికినప్పుడల్లా చేయమంటే ఎప్పటికీ తెగదు. ఒక్కో కాయితం అద్దం మీద పెట్టి మూత వేసే చిన్న స్కానర్ ఈ పనికి పనికిరాదు, కట్ట పెడితే గడగడా లాక్కుని రెండు వైపులా ఒకేసారి తీసే మెషీన్ కావాలి, దాని ముందు రోజంతా అదే పని మీద కూర్చునే మనుషులు కావాలి. అందుకే పాత బకాయి బయటివాళ్లకు, కొత్తది మన దగ్గరే.

వెండర్‌కి ఫోన్ చేసే ముందు

ముందు ఏది స్కాన్ చేయించాలో ఏది అక్కర్లేదో తేల్చుకోవాలి. అన్నీ చేయిద్దాం అనుకుంటే ఖర్చు రెట్టింపు అవుతుంది, అందులో సగం ఎవరూ ఎప్పుడూ వెతకని ఓపీ చీటీలే ఉంటాయి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి కనీసం 3 ఏళ్లు ఉంచాలి, పేషెంట్ గానీ అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అదే నిబంధనల్లో రికార్డులు త్వరగా దొరికేలా కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రయత్నం చేయాలని కూడా ఉంది. ఆ 3 ఏళ్లు కనీసం మాత్రమే. పిల్లల కేసుల్లో ఆ బిడ్డ మేజర్ అయ్యాక కూడా దావా వేసే వీలుంటుంది కాబట్టి కాన్పుల రికార్డులు, చిన్నపిల్లల రికార్డులు ఇరవై ఏళ్లు దాటేదాకా ఉంచడం మంచిది. ఎంఎల్‌సీలైతే (యాక్సిడెంట్లు, కొట్లాటలు, విషం లాంటి పోలీసుల దాకా పోయే కేసులు) కేసు పూర్తిగా తేలేదాకా అసలు కాయితం ఉండి తీరాలి, అది స్కాన్ అయినా సరే. అల్ట్రాసౌండ్ స్కానింగ్ సెంటర్ ఉంటే గర్భిణుల స్కాన్‌కి నింపే పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) ఫారం ఎఫ్‌లు 2 ఏళ్లు, ఏదైనా కేసు నడుస్తుంటే అది ముగిసేదాకా. ఎంటీపీ (గర్భస్రావం) అడ్మిషన్ రిజిస్టర్ 5 ఏళ్లు ఉంచాలి, పైగా చట్టం దాన్ని రహస్య పత్రం అంటుంది. ఆ రిజిస్టర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బయటివాళ్ల చేతికి ఇవ్వకండి. హెచ్ఐవీ కేసులు, మానసిక వైద్యం కేసులు కూడా వేరు చేసి పక్కన పెట్టండి. వాటి గోప్యతకు 2017లో వచ్చిన ప్రత్యేక చట్టాలే ఉన్నాయి. వాటిని మీ మనుషులే, మీ గదిలోనే స్కాన్ చేసుకోవాలి.

తర్వాత లెక్క. ఎన్ని పేజీలున్నాయని వెండర్ అడిగితే "ఓ యాభై మూటలుంటాయి సార్" అంటే కొటేషన్ ఇష్టమొచ్చినట్టు వస్తుంది. ఒక మూట విప్పి, అడుగు పొడవు కట్ట పేర్చి, అందులో ఎన్ని కాయితాలున్నాయో నిజంగా లెక్కపెట్టండి. కొత్త కాయితం 500 షీట్ల రీము దాదాపు 5 సెంటీమీటర్ల మందం ఉంటుంది, అంటే అడుగుకి 3,000 షీట్లు. మడతలు పడి, అంచులు ఉబ్బి, మధ్యలో అట్టలు, ఈసీజీ ముక్కలు అంటించి ఉన్న కేస్ షీట్లలో అంత ఉండదు, చాలాసార్లు అందులో సగమే తేలుతుంది. వేరువేరు ఏళ్ల నుంచి నాలుగైదు చోట్ల ఇలా లెక్కపెట్టి సగటు తీస్తే మీ దగ్గర నమ్మదగ్గ అంకె ఉంటుంది. ఇంకో మాట, "పేజీ" అంటే ఏంటో ముందే తేల్చుకోండి. ఒక వైపా, రెండు వైపులా? వెనక ఖాళీగా ఉంటే దానికీ డబ్బులా? పిన్నులు తీయడం, మళ్లీ గుచ్చడం రేటులో కలిసే ఉందా? చివరి బిల్లు రోజు లొల్లి అయ్యేది ఇక్కడే.

పని ఎక్కడ జరగాలి

నా మాట వింటే కాయితాలు ఆసుపత్రి గడప దాటొద్దు. వెండర్‌నే స్కానర్లు తెచ్చుకుని మీ దగ్గర ఒక గదిలో కూర్చుని చేయమనండి. రేటు కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. ఇవ్వాళ ఒక పాత పేషెంట్ వచ్చి కేస్ షీట్ అడిగితే అది హైదరాబాద్‌లో ఎక్కడో గోడౌన్‌లో ఉందని చెప్పాల్సిన అవసరం ఉండదు. వాళ్ల కోసం తాళం వేసుకునే గది, రెండు పెద్ద బల్లలు, యూపీఎస్ కనెక్షన్, ఒక సీసీ కెమెరా ఏర్పాటు చేయండి. ఆ గదిలోకి వాళ్ల సొంత ఫోన్లు, పెన్ డ్రైవ్‌లు రాకూడదు. స్కానింగ్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫ్యాన్ గాలి నేరుగా బల్ల మీద పడకుండా చూసుకోండి, పిన్ను తీసిన కేస్ షీట్ ఒక్కసారి ఎగిరితే ఏది ఎవరిదో కలపడానికి పూట గడిచిపోతుంది.

చోటు లేక బయటికి పంపక తప్పకపోతే, ప్రతి అట్టపెట్టెకి నంబరు వేసి, అందులో ఏ ఏడాది ఏ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్నాయో రెండు కాపీలు రాసి, సీల్ వేసి, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకం పెట్టాలి. అన్నీ ఒకేసారి పంపొద్దు. ఒక విడత తిరిగొచ్చి, లెక్క సరిపోయాకే ఇంకో విడత. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పైన పట్టా కప్పిన ట్రాలీ ఆటోలో పంపడం అసలే వద్దు.

ఇండెక్స్: అసలు పని ఇదే

స్కాన్ తీయడం మెషీన్ పని. ఆ ఫైలుకి ఏ పేరు పెట్టారు, లిస్టులో ఏం ఎక్కించారు అన్నదాని మీదే రేపు అది దొరకడం దొరకకపోవడం ఉంటుంది. చేతిరాతను కంప్యూటర్ చదివేస్తుందని వెండర్లు చెప్తారు. అచ్చు అక్షరాలకైతే చాలావరకు నిజమే, ల్యాబ్ రిపోర్టులకు అది పనికొస్తుంది. డ్యూటీ డాక్టర్ అర్ధరాత్రి గీకిన నోట్స్‌ని మాత్రం నమ్మకంగా చదవలేదు. కాబట్టి ఎవరి కాయితం ఏ ఫైల్లో ఉందో చెప్పే పట్టిక, అంటే మనిషి చూసి టైప్ చేసిన ఇండెక్స్ ఉండాల్సిందే.

మన జిల్లాల్లో ఇది ఎంత కష్టమో బయటినుంచి వచ్చిన ఆపరేటర్‌కి తెలియదు. సైదులు తండ్రి యాదయ్య అనే పేరుతో ఒక్క ఆసుపత్రిలోనే ఎంతమంది ఉంటారో చూడండి. అదే యాదయ్యను ఒకచోట యాదగిరి అని, ఇంకోచోట ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో రాసి ఉంటారు. తండాల నుంచి వచ్చేవాళ్లకు రమావత్, నేనావత్ లాంటి ఇంటిపేరు ఒక కాయితంలో ముందు, ఇంకో కాయితంలో వెనక ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. ఊళ్ల సంగతి ఇంకా చిక్కు. నాంపల్లి అని రాసి ఉంటే హైదరాబాద్ కుర్రాడు హైదరాబాద్ అనే ఎక్కిస్తాడు, మనకేమో నల్గొండ జిల్లాలోనే నాంపల్లి మండలం ఉంది. దేవరకొండకూ దేవరకద్రకూ తేడా తెలియకపోతే మనిషి నల్గొండ జిల్లా నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు పోతాడు.

జిల్లాల విభజన ఇంకో తలనొప్పి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చాయి. అంతకుముందు కాయితాల మీద సూర్యాపేట, భువనగిరి అన్నీ నల్గొండ జిల్లానే, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లానే. నారాయణపేట 2019లో విడిపోయింది. ఒకే పేషెంట్ 2014లో ఒక జిల్లా, 2018లో ఇంకో జిల్లా. అందుకని జిల్లా పేరు మీద వెతికే పద్ధతి పెట్టుకోవద్దు. కాయితం మీద ఏముందో అది ఒక గడిలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించమనండి, పక్క గడిలో ఇప్పటి ఊరు, మండలం పేర్లు ఒక ఖాయమైన లిస్టులోంచి ఎంచుకునేలా పెట్టించండి. ఆ లిస్టు మీరే తయారుచేసి ఇవ్వండి, మీకు పేషెంట్లు వచ్చే మండలాలు ఇరవై ముప్పైకి మించవు. ఆ పనికి మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న కాంపౌండర్‌నో, సీనియర్ సిస్టర్‌నో కూర్చోబెట్టండి, ఏ తండా ఏ మండలంలో ఉందో వాళ్లకు నోటికి వస్తుంది.

ఐపీ నంబర్లు చాలా ఆసుపత్రుల్లో ప్రతి జనవరికి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. 1432 అనే నంబరు 2009లోనూ ఉంటుంది, 2010లోనూ ఉంటుంది. ఏడాది, ఐపీ నంబరు రెండూ కలిపితేనే అది ఒక్కరిది. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత అయిదంకెలు వచ్చేలా సున్నాలు చేర్చిన ఐపీ నంబరు ఉంటే చాలు: 2010, గీత, 01432. సున్నాలు లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్ల వరుసలో 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది. ఫైలు పేరులో మాత్రం పేషెంట్ పేరు, జబ్బు పేరు రానివ్వొద్దు, ఫైలు లిస్టు చూసినవాళ్లందరికీ ఎవరికేం జబ్బో తెలిసిపోతుంది. అవి ఇండెక్స్‌లోనే ఉండాలి, ఇండెక్స్‌కి పాస్‌వర్డ్ ఉండాలి. ఇండెక్స్‌లో కనీసం ఇవి ఉండాలని పట్టుబట్టండి: ఏడాది, ఐపీ నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఆడ మగ, ఊరు, మండలం, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, డాక్టరు, ఏ ఆపరేషన్, మొత్తం పేజీలు, ఫోన్ నంబరు ఉంటే అది, ఆరోగ్యశ్రీ కేసైతే ఆ నంబరు. వయసు దగ్గర పుట్టిన ఏడాది సుమారుగా లెక్కకట్టి వేస్తే ఇంకా మంచిది. 2009లో ఇరవై అయిదున్న మనిషి ఇవ్వాళ నలభై దాటి ఉంటాడు, వెతికేటప్పుడు ఈ తేడానే ఒక సైదుల్ని ఇంకో సైదులు నుంచి వేరు చేస్తుంది.

ఇంత ఎక్కించాలంటే వెండర్ రేటు పెంచుతాడు. ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ తగ్గించొద్దు.

స్కాన్ ఎలా తీయాలి

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కలర్. నలుపు తెలుపులో తీస్తే ఫైలు చిన్నగా ఉంటుందంటారు గానీ, కేస్ షీట్‌లో ఎర్ర ఇంకుతో రాసిన అలర్జీ, గులాబీ రంగు కార్బన్ కాపీ మీద వెలిసిపోయిన అక్షరం, పెన్సిల్‌తో వేసిన టెంపరేచర్ చార్టు, వేలిముద్ర, అన్నీ పోతాయి. సైజు గురించి టెన్షన్ పడొద్దు. పేజీకి అర ఎంబీ వేసుకున్నా లక్ష పేజీలు 50 జీబీ, ఇవ్వాళ అది లెక్కలోకి రాదు. ఫైలు పీడీఎఫ్‌ఏ రకంలో కావాలని అడగండి. చాలా ఏళ్లు దాచే పత్రాల కోసమే ఆ అంతర్జాతీయ ప్రమాణం తెచ్చారు. వెండర్ సొంత సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ఫైళ్లు వద్దే వద్దు, వాడు దుకాణం మూసేస్తే మన రికార్డులన్నీ అందులో ఇరుక్కుపోతాయి.

ఈసీజీ కాయితాలు, కాన్పుల వార్డులో కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూసేందుకు తీసే సీటీజీ పట్టీలు, అల్ట్రాసౌండ్ ప్రింట్లు వేడికి అచ్చు పడే కాయితం మీద ఉంటాయి. మన ఎండలకు అవి వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే ఇంకా తొందరగా. కాబట్టి ఏళ్ల వరుస అని చూడకుండా ముందు వీటినే తీయించండి. భద్రంగా ఉంటాయని ఎవరైనా లామినేషన్ చేయబోతే ఆపండి, ఆ వేడికి కాయితం మొత్తం నల్లబడుతుంది. పొడుగు పట్టీలను ముక్కలుగా కత్తిరించకుండా, ఒకదానిమీద ఒకటి కొంచెం వచ్చేలా తీసి వరుస నంబర్లు వేయించాలి.

ఎక్స్‌రే ఫిల్ములు మామూలు స్కానర్‌లో రావు. ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫొటో కూడా డాక్టరుకి పనికిరాదు. దానికి ఫిల్మ్ డిజిటైజర్ అని వేరే మెషీన్ ఉంటుంది, ఫైలు డైకామ్ అనే వైద్య చిత్రాల రకంలో వస్తుంది. ఈ ఖర్చు అన్నింటికీ అక్కర్లేదు, విరిగిన చెయ్యి అతికిపోయిన కేసుకి రిపోర్టు చాలు. కానీ మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి వచ్చిన ఫ్లోరోసిస్ కేసుల పాత ఫిల్ములు మీ దగ్గర ఉంటే మాత్రం ఒక్కటీ వదలొద్దు. ఎముక ఏ ఏడాది ఎంత గట్టిపడింది, కండరాల అతుకుల దగ్గర సున్నం ఎట్లా పేరుకుంది అన్నది పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. ఆ మనుషులకు ఇప్పటికీ ఆ ఫిల్ములతో పని ఉంది, ఆ నీళ్లు తాగిన పల్లెల చరిత్ర కూడా అందులోనే ఉంది. అవి చెత్తలోకి పోతే మళ్లీ రావు.

చూసుకోకుండా బిల్లు ఇవ్వొద్దు

మొదట ఒక్క మూటతో ట్రయల్ చేయించండి, బాగా పాడైపోయిన మూటే ఇవ్వండి, మంచి మూటతో ఎవరైనా మంచి రిజల్ట్ చూపిస్తారు. తర్వాత ప్రతి విడతలో మీ మనిషి ఒకరు కేస్ షీట్లు అక్కడక్కడ లాగి, కాయితం చేతిలో పట్టుకుని, తెర మీద ఒక్కో పేజీ పోల్చాలి. ముఖ్యంగా వెనక పేజీలు. డాక్టరు చోటు చాలక వెనక రాసిన నాలుగు లైన్లను ఖాళీ పేజీ అని సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. రెండు కాయితాలు అతుక్కుని ఒకటిగా పోతాయి, కొంచెం తడిసి ఆరిన కట్టల్లో ఇది ఎక్కువ. మంచి మెషీన్లలో దీన్ని పట్టుకునే సెన్సర్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. మడతపడిన మూల కింద మందు డోసు దాగిపోవచ్చు. ఎంఎల్‌సీలు, ఆపరేషన్ నోట్స్, కన్సెంట్ ఫారాలైతే అక్కడక్కడ కాదు, అన్నీ చూడాలి. తప్పులు ఒక పరిమితి దాటితే ఆ విడత మొత్తం మళ్లీ ఉచితంగా చేయాలని ముందే రాసుకోండి. ఇంకో పరీక్ష కూడా చేయండి: కొత్త స్టాఫ్ ఒకర్ని కూర్చోబెట్టి, పేరు, ఊరు మాత్రమే చెప్పి వెతకమనండి. దొరికితే పని బాగా జరిగినట్టు.

అగ్రిమెంట్, బాధ్యత

బయటికిచ్చాం కాబట్టి బాధ్యత వాళ్లదే అనుకోవడం చాలా ప్రమాదం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, కాయితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చిన సమాచారానికి కూడా వర్తిస్తుంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ చట్టం ప్రకారం డేటా బయటికి పొక్కితే జవాబు చెప్పుకోవాల్సింది ఆసుపత్రే, వెండర్ తప్పు చేసినా సరే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. వెండర్‌కి పని ఇవ్వాలంటే రాతపూర్వకమైన కాంట్రాక్టు కావాలి. అందులో పని చేసే ఒక్కొక్కరి గోప్యత సంతకం, పనిని ఇంకొకరికి అప్పగించకూడదన్న షరతు, ఏదైనా పోతే వెంటనే చెప్పాలన్న షరతు ఉండాలి. డేటా ఎంట్రీ వేరే ఊళ్లో ఇంకెవరికో ఇచ్చేయడం ఈ వ్యాపారంలో మామూలే, పైలం.

కోర్టు సంగతి కూడా చూసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు చూపాలంటే సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు లోపలి సమాచారాన్ని బట్టి వచ్చే పొడుగాటి నంబరు, ఫైల్లో ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది. ప్రతి ఫైలుకి ఎస్‌హెచ్ఏ 256 హ్యాష్ తీసి ఇండెక్స్‌లోనే ఒక గడిలో వేసివ్వమనండి. వాళ్లకిది పెద్ద పనేమీ కాదు, మనకు రేపు కన్స్యూమర్ కమిషన్‌లో పనికొస్తుంది.

ఫైళ్లు చేతికొచ్చాక మూడు కాపీలు: ఆసుపత్రి సర్వర్‌లో ఒకటి, బీరువాలో పెట్టే ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఊరికి దూరంగా లేదా క్లౌడ్‌లో ఒకటి. ఆరు నెలలకోసారి డిస్క్ తెరిచి నిజంగా తెరుచుకుంటుందో చూడండి. పాలమూరు నుంచి పుణె, ముంబై పనులకు పోయినవాళ్లు అక్కడి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి పాత ఆపరేషన్ కాయితం పంపమని అడుగుతుంటారు. అలాంటప్పుడు ఫోన్ చేసింది పేషెంటేనా, అతను పంపమన్న మనిషేనా అన్నది తేల్చుకుని, పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు పంపి, పాస్‌వర్డ్ విడిగా చెప్పండి. ఎవరికి ఎప్పుడు పంపారో ఒక రిజిస్టర్‌లో రాయండి.

ఇక కాయితాలు. గడువు దాటి, స్కాన్ సరిచూసి, కేసులేవీ లేవని తేలినవే తీసేయాలి. అవి పాత పేపర్ల బండికి అమ్మితే ఒకరి రక్తపరీక్ష రిపోర్టులో ఇంకొకరికి మిర్చి బజ్జీలు కట్టిస్తారు. ఎక్స్‌రే ఫిల్ముల్లో వెండి ఉంటుంది కాబట్టి వాటిని కొనేవాళ్లూ వస్తారు, ఫిల్ము మూలన పేషెంట్ పేరు అలాగే ఉంటుంది, పేరున్న భాగం కత్తిరించకుండా ఇవ్వొద్దు. కాయితాలను మీ మనిషి దగ్గరుండి ముక్కలు చేయించాలి, ఏ ఏడాదివి ఏ నంబర్లు తీసేశారో లిస్టు రాసి డాక్టరుగారి సంతకం తీసుకోవాలి. వెండర్‌కి ఇవ్వాల్సిన చివరి వాయిదా అప్పటిదాకా ఆపండి. తన కంప్యూటర్లలో మన ఫైళ్లేవీ మిగల్లేదని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి, మీ మనిషి ఎదుట ఆ డిస్కులు తుడిచాకే ఆ డబ్బు ఇవ్వండి.